పోరంబోకు దారి

నేను దస్తావేజు లేఖరిని. చోడవరం రిజిస్ట్రారాఫీసుకి ఎదురుగా రేకుల పంచ కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, ఈ మధ్య ఒక కంప్యూటరు, అదీ నా దుకాణం. ముప్ఫయ్యేళ్ళుగా జనం భూముల చుట్టూ మాటలతో గట్లు వేస్తున్నాను. తూర్పు ఫలానా వారి జిరాయితీ మెట్ట, దక్షిణం గెడ్డ, పడమర బండి దారి, ఉత్తరం పంట కాలవ. అమ్మినవాడు వెళ్ళిపోతాడు, కొన్నవాడు కొన్నాళ్ళకి తనూ అమ్ముకుంటాడు, పక్క పొలం ఆసామీ పోయి అతని కొడుకులు నలుగురూ నాలుగు చెక్కలుగా దిగుతారు. ఎన్ని చేతులు మారినా పాత కాగితంలోనూ కొత్త కాగితంలోనూ అవే మాటల్లో ఉండిపోయేవి గెడ్డా, దారీ.

హద్దుల తరవాత ఒక వాక్యం రాస్తాం. ఈ భూమికి గల నడక, బండి బాట, పశువుల రాకపోకలు, నీటి పారుదల హక్కులతో సహా అని. చదివి వినిపించేటప్పుడు పార్టీలు ఆ వాక్యం వినరు. వాళ్ళ చెవి రూపాయల అంకె దగ్గర నిక్కి, మళ్ళీ వాలిపోతుంది. ఆ మాటకొస్తే నేనూ వినను. చెయ్యి దానంతటది రాసుకుపోతుంది. మొన్న సంక్రాంతి ముందు మాత్రం అక్కడ ఆగవలసి వచ్చింది.

ఒక ఆసామీ వచ్చాడు. ఊరికి పడమటి వేపు ఎకరంన్నర కొంటున్నాడు. పాత దస్తావేజులో పడమటి హద్దు బండి దారి. ఆ దారికి అవతలి చెక్క ఎప్పుడో కొనుక్కున్నాడు, ఇప్పుడు ఇవతలిదీ వస్తోంది. మధ్యలో ఉన్న దారి ఆయన కంట్లో నలుసు.

“రైటరు గారూ, ఆ దారమ్మట ఇప్పుడెవలెల్తన్నారండీ? తుప్పలెక్కిపోనాది. పడమర నా సొంత భూమి అని రాసీండి” అన్నాడు.

పండగ వెళ్ళాక చూద్దాం అన్నాను. పండగ పేరు చెబితే మా ఊళ్ళో ఏ పనైనా వాయిదా పడుతుంది.

ఆ వారమే మా మేనల్లుడు అమెరికా నుంచి దిగాడు. మినియాపొలిస్‌లో కంప్యూటరు ఉద్యోగం. వాడి మీద వాళ్ళ నాన్న, అంటే మా బావ, ఫిర్యాదుల చిట్టా ముందే విప్పాడు. “చూడవయ్యా, వారం సెలవు పెట్టి, ఎనిమిది గంటలు పైన కారు తోలుకుపోయి, మనిషి మొహం కనపడని చోట సైకిలు తొక్కాడట. ఎందుకురా అంటే ఊరికే అంటాడు. చదువుకున్నవాడికి ఈ పోరంబోకు తిరుగుళ్ళేమిటి?”

పోరంబోకు అన్న మాట నాకు రోజూ చేతికి తగిలేదే. తమిళం నుంచి రెవెన్యూ వాళ్ళు పట్టుకొచ్చిన మాట. పన్ను లెక్కకి వెలుపల పోయే భూమి అని దాని అర్థం. చెరువు గర్భం, శ్మశానం, మందబయలు, వాగు, డొంక, దారి, ఇవన్నీ పోరంబోకే. అంటే ఊరంతటికీ కావలసినవీ, ఏ ఒక్కడి పేరా లేనివీ. అలాంటి మాటని తీసుకెళ్ళి మనం తిట్టు కింద వాడుకుంటున్నాం. ఒకడి పేర లేని నేలంటే మనకి ఎంత గౌరవమో దీన్నిబట్టి తెలుస్తుంది. పని లేకుండా దారమ్మట తిరిగేవాడికీ ఆ దారికీ ఒకటే పేరు పెట్టడంలో మాత్రం ఎవడో తెలిసినవాడి చెయ్యి ఉందనిపిస్తుంది.

మేనల్లుడు ఫోనులో ఫోటోలు చూపించాడు. ఆ దారి పేరు మా డా హే. నార్త్ డకోటా రాష్ట్రంలో ఉంది. అక్కడి మాండన్ అనే ఆదిమ జాతి వాళ్ళ భాషలో, ఎంతో కాలంగా ఉన్నదీ ఇంకా ఎంతో కాలం ఉండబోయేదీ అని ఆ పేరుకి అర్థమట. 1999లో తెరిచినప్పుడు 150 కిలోమీటర్ల పైచిలుకు. తరవాత దక్షిణానికి పొడిగించి ఇప్పుడు 230 కిలోమీటర్లు చేశారు. దారంటే ఒక మనిషి, ఒక గుర్రం, ఒక సైకిలు పట్టేటంత. మోటారు బళ్ళకి ప్రవేశం లేదు. అది పోయే నేలని బ్యాడ్‌ల్యాండ్స్ అంటారు, చెడ్డ నేలలు. లకోటా జాతి వాళ్ళ మాటకీ అదే అర్థం, తరవాత వచ్చిన ఫ్రెంచి వర్తకులు పెట్టిన పేరుకీ అదే అర్థం. నీళ్ళు కోసేసిన మట్టి గుట్టలు, గోతులు, లోయలు. నాగలి దిగదు, బండి నడవదు. నా కాగితాల్లో అయితే బంజరు అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తాను.

“దారి తప్పవురా?” అన్నాను.

కర్ర స్తంభాలు పాతి, వాటి మీద తాబేలు బొమ్మ ముద్ర కొట్టారట. ఒక తాబేలు దగ్గర నిలబడితే ఇంకో తాబేలు కనిపిస్తుంది, కనపడకపోతే వెనక్కి రావాలి. తాబేలు గుర్తు లకోటా వాళ్ళ నుంచి తీసుకున్నది, దీర్ఘాయువుకి చిహ్నం. కుందేలు గుర్తు పెట్టనందుకు ఆ స్తంభాలు పాతినవాళ్ళ మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది. తాగే నీళ్ళు దొరకవు గనక దారి పొడుగునా అక్కడక్కడ పెట్టెలుంటాయి. నడవబోయేవాళ్ళు ముందే కారులో వెళ్ళి తమ నీళ్ళ డబ్బాలు పేరూ తేదీ రాసి వాటిలో దాచుకుంటారు. వానొస్తే ఆ మట్టి బంకలా మారి చక్రానికి చుట్టుకుంటుంది. సైకిలు మనిషిని మోయడం మానేసి, మనిషే సైకిల్ని మోయాలి. ఇది వింటుంటే నాకు ఆషాఢంలో మా వరి మడి గట్లు గుర్తొచ్చాయి. దానికోసం అమెరికా దాకా వెళ్ళనక్కర్లేదు.

ఆ నేలలో పశువుల్ని మేపుకునే రైతులున్నారు. దారి వాళ్ళ కంచెల్ని దాటుతుంది. దాటే చోటల్లా గేటు, తోసి వెళ్తే తనంతట తనే మూసుకుంటుంది. వాడి పశువులు వాడివి, వీడి నడక వీడిది. రెండింటికీ మధ్య ఒక మడత బందు. నా ముప్ఫయ్యేళ్ళ దస్తావేజుల్లో నడక హక్కు గురించి ఎన్ని మాటలు రాశానో, అవన్నీ ఆ మడత బందులో ఇమిడిపోయాయి.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఇంకొకటి. ఆ దారి మీద ఎవరు ఎవరికి తప్పుకోవాలో ఒక రివాజు ఉంది. సైకిలు వాడు నడిచేవాడికి తప్పుకోవాలి. నడిచేవాడూ సైకిలు వాడూ ఇద్దరూ గుర్రానికి తప్పుకోవాలి. అదీ ఎలాగ, పల్లం వేపు దిగి, గుర్రం బెదరకుండా మెల్లిగా ఒక మాట పలుకుతూ నిలబడాలి. వేగంగా పోగలిగినవాడే ఆగాలన్న మాట. మేనల్లుడు ఇది అమెరికా వాళ్ళ సంస్కారం కింద చెబుతున్నాడు.

“ఒరే, నీకు మీ ముత్తాత ఎడ్ల బండి సంగతి తెలీదు” అన్నాను.

నా చిన్నతనంలో గోవాడ షుగరు ఫ్యాక్టరీకి చెరకు ఎడ్ల బళ్ళ మీదే పోయేది. గానుగాట మొదలైతే చోడవరం చుట్టుపక్కల దారులన్నీ చెరకు వాసన. తోకలు నేల రాసేలా కట్టిన చెరకు కట్టలు, ఇరుసు కింద ఊగే లాంతరు, కాడి కింద ఎడ్ల మెడ ఒరిపిడి. లోడు బళ్ళు ఒక వేపు, కాటా దింపుకుని తిరిగొచ్చే ఖాళీ బళ్ళు ఇంకో వేపు. దారి ఒక్క బండికే సరిపోతుంది. ఎదురైతే ఖాళీ బండే పక్కన పొలంలోకి దిగాలి. దీనికి కాగితం లేదు, జరిమానా లేదు. లోడు బండి వాడు “హో” అని ఒక్క కేక వేసేవాడు, అంతే. ఖాళీ బండి తోలేవాడు నిద్రపోతున్నా ఎడ్లే పక్కకి దిగేవని మా తాత చెప్పేవాడు. ఎడ్లకి ఆపాటి తెలివుందంటే నమ్ముతాను. మా తాత బండి మీద నిద్రపోయేవాడన్నది మా నాయనమ్మ దగ్గర అనకూడదు.

పాడేరు ఘాటు మీద ఇప్పటికీ ఆ లెక్కే. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. ఇది మోటారు వాహనాల నిబంధనల్లో కూడా ఉంది. మాడుగుల సంతకి కట్టెలమోపుతోనో పనసకాయల కావిడితోనో దిగివచ్చే మన్యం మనిషి ఎదురైతే, చేతులూపుకుంటూ పోయేవాడు గట్టు ఎక్కి నిలబడేవాడు. తెలుగులో దారిని ఇస్తాం, అడుగుతాం. ఇల్లు ఇచ్చేవాడు ఇల్లు పోగొట్టుకుంటాడు గాని, దారి ఇచ్చేవాడికి మరుక్షణం తన దారి తనకి ఉంటుంది. ఇన్నేళ్ళు ఆస్తుల బదిలీ రాసినవాణ్ణి, ఇలాంటి బదిలీ మరోటి చూడలేదు.

ఫోటోల్లో ఒకటి చూసి ఆగాను. ఎర్ర గుట్టలు. నేల లోపల బొగ్గు పొరలు అంటుకుని ఏళ్ళ తరబడి కాలి, పైనున్న బంకమట్టిని ఇటుక బట్టీలో పెట్టినట్టు కాల్చేశాయట. అందుకే ఆ ఎరుపు.

“ఇది మన భీమిలి దిబ్బల్లా ఉందిరా” అన్నాను. వాడు ఆ దిబ్బల్ని సినిమా పాటల్లో తప్ప చూడలేదు. పుట్టింది చోడవరంలో.

కనుమ నాడు కాకి కూడా కదలదని మా అక్క అడ్డం పడింది గనక, మర్నాడు తెల్లారకుండా నా స్కూటరు మీద బయల్దేరాం. బీఎన్ రోడ్డు ఎక్కాం. బయటివాళ్ళకి చెప్పాలి, బీఎన్ అంటే భీమిలి నర్సీపట్నం. ఒక కొస సముద్రం, ఒక కొస మన్యం మెట్టు, నడుమ ముడి మా చోడవరం. ఆ రోడ్డు గురించి అంతకన్నా చెబితే నడుము నొప్పి జ్ఞాపకం వస్తుంది. వెనక కూర్చున్న మేనల్లుడు గంధవరం దాటక ముందే “మావయ్యా, ఆ బ్యాడ్‌ల్యాండ్సే నయం” అన్నాడు. సబ్బవరంలో ఆరు వరసల హైవే ఎక్కాక గాని వాడికి మళ్ళీ మాట రాలేదు. ఆనందపురంలో ఉప్మా తిని, భీమిలి మీదుగా బీచ్ రోడ్డెక్కి దిబ్బల దగ్గర దిగాం.

రోడ్డు మీంచి చూస్తే ఏమీ లేదు. జీడిమామిడి చెట్లు, తాటి చెట్లు, ఎర్రటి గట్టు. పది అడుగులు లోపలికి వేస్తే మోకాలి లోతు గాడి ఒకటి మొదలవుతుంది. ఇంకో వంద అడుగులకి అది నడుం దాకా, ఆ పైన తలకి మించి. తరవాత రెండు పక్కలా ఎర్ర గోడలు, మీద సన్నని ఆకాశం. గోడకి వేలు రాస్తే జొన్నలు జారినట్టు ఇసుక జారింది. అరచేతిలో వేసుకుని నలిపితే ఎరుపు చేతికి అంటుకుని, ఇసుక కొంచెం తెల్లబడింది. ఎరుపు రంగు ఇసుకది కాదు. ప్రతి రేణువుకీ పట్టిన ఇనప తుప్పు పూతది. జీడిమామిడి వేళ్ళు గోడలోంచి బయటికి వచ్చి, కింద మట్టి లేక, గాలిలో వేళ్ళాడుతున్నాయి. ఏ వానకో కింద నేల జారిపోయింది, చెట్టుకి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

1886లో విలియం కింగ్ అనే భూవిజ్ఞాని వీటి గురించి మొదట రాశాడు. 2014లో భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడు దక్షిణ కొసనా, శ్రీలంకలోనూ తప్ప ఈ చుట్టుపక్కల లేదంటారు. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట మంచు యుగంలో సముద్రం వెనక్కి పోయినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తి పోసిందంటారు. ఆ ఇసుక ఎక్కడిదంటే, తూర్పు కనుమల్లో అరిగి వాగులమ్మట కొట్టుకొచ్చినది. ఆ కొండల రాతికి 1902లో ఖోండలైట్ అని పేరు పెట్టారు, ఆ కొండల్లో ఉండే ఖోండు జనం పేరు మీద. అంటే పాడేరు వేపు కొండ నీళ్ళ దారిన నడిచి వచ్చి, భీమిలి దగ్గర ఆగింది. బీఎన్ రోడ్డు కన్నా ముందు ఆ ప్రయాణం చేసింది అదే.

లోపల దారి రెండుగా చీలింది. రెండూ ఒకలాగే ఉన్నాయి. ఇక్కడ తాబేలు స్తంభాలు లేవు. మేనల్లుడు ఫోను తీశాడు, మా ఇద్దరికీ కలిపి ఒక నీలం చుక్క చూపించింది. నేను కిందికి చూశాను. ఎడమ దారిలో మేక పెంటికలు ఎండి బూడిద రంగులో ఉన్నాయి, కుడి దారిలో నల్లగా మెరుస్తున్నాయి. కుడి వేపు తిరిగాం.

మలుపులో మంద ఎదురైంది. ముప్ఫై మేకలుంటాయి. మేనల్లుడు నన్ను చెయ్యి పట్టి పక్కకి లాగి, గోడకి వీపు ఆన్చి, ఒకటి రెండు మంచి మాటలు మేకల్ని ఉద్దేశించి ఇంగ్లీషులో చెప్పాడు. అమెరికాలో గుర్రాలకి అలవాటైన మర్యాద. మేకలు వాణ్ణి ఒకసారి చూసి, అదే చాలన్నట్టు వెళ్ళిపోయాయి. చివర్న వెదురు కర్రతో ఒక ముసలామె.

“ఏటి బాబూ, సినిమావోలా?”

“కాదమ్మా.”

“మరేటి పని మీదొచ్చినారు?”

“ఊరికే, చూద్దామని.”

“ఊరికేనా!” అని ఆవిడ కర్ర మీద చేతులు ఆన్చుకుని నవ్వింది. మా బావ అన్న మాటే, కాకపోతే ఆవిడ నోట్లో అది తిట్టులా లేదు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, “ఆ ముందర పెద్ద గోడ కాడ ఎల్లకండి. మొన్నటి వానకి కోసీసినాది. మేకలెక్కిన కాడ ఎక్కండి” అని చెప్పింది. ఇంకో రెండడుగులు వేసి మేనల్లుణ్ణి చూస్తూ, “దారిచ్చినావు, నీ కడుపు సల్లగుండ” అంది.

పెద్ద గోడ దగ్గర చూస్తే నిజమే. వారం పది రోజుల కిందట ఎవరో నడిచిన అడుగులు నేరుగా వెళ్ళి, ఒక చోట గాలిలోకి తెగిపోయాయి. అవతల ఇరవై అడుగుల లోతు. ఈ నేల మీద దారి ఒకసారి వేసి ఊరుకుంటే ఉండదు. ప్రతి వానకీ కొత్తగా అడగాలి, మేకలు ముందు అడుగుతాయి. నాకు రిజిస్ట్రారాఫీసు గుర్తొచ్చింది. కాగితం మీద ఒకసారి రాసేస్తే దారి ఉండిపోతుందని నేను అనుకుంటున్నాను. నడిచేవాళ్ళు లేకపోతే నా కాగితంలో దారి కూడా ఇలా గాలిలోకి తెగిన అడుగే.

చట్టానికి ఈ సంగతి తెలుసు. 1882 ఈజ్‌మెంటు చట్టం ప్రకారం ఒక దారమ్మట ఎవరి అనుమతీ అడగకుండా, దాచుకోకుండా, గొడవ లేకుండా, ఎడతెగకుండా, హక్కుగా 20 ఏళ్ళు నడిస్తే ఆ నడకే హక్కవుతుంది. సర్కారు భూమైతే 30 ఏళ్ళు. పాదాలు రాసిన దస్తావేజు అన్న మాట, ముద్ర రుసుము లేదు. నా వృత్తిలో నాకు నచ్చిన చట్టం అదొక్కటే. అది ఆ ఏటి 5వ నంబరు చట్టం. మొదట అమలయిన ప్రాంతాల్లో మన మద్రాసు రాజధాని ఒకటి.

దీనికో కవల ఉంది. అదే 1882లో మద్రాసు ప్రభుత్వం తన అటవీ చట్టం తెచ్చింది. దాని నంబరు కూడా 5. ఒక అడవిని రిజర్వు చేస్తామని ప్రకటన వేసేవారు. అక్కడ నడిచే హక్కు, మేపుకునే హక్కు, నీటి హక్కు ఉన్నవాళ్ళు గడువులోగా అధికారి దగ్గర చెప్పుకోవలసి వచ్చేది. చెప్పుకోనివి ఆరిపోయేవి. ఇక్కడ పాదాల దస్తావేజు దానంతటది చెల్లదు. చదువు రాని మన్యం మనిషి ఏ ప్రకటన చూసి ఏ గడువులోగా కొండ దిగి వచ్చేవాడు? ఒక చట్టం పల్లంలో నడకని హక్కు చేసిన ఏడే, ఇంకో చట్టం కొండ మీద నడకని అనుమానపు చూపు చూసింది. రెండింటికీ ఒకే నంబరు పడడం కాకతాళీయమే. అయినా చట్టాల పుస్తకం తెరిచినప్పుడల్లా నాకు గుచ్చుకుంటుంది.

తిరుగు ప్రయాణంలో మేనల్లుడు “ఈ రోడ్డు రెండో కొసన ఏముంది మావయ్యా?” అన్నాడు. రెండో కొస నర్సీపట్నం. అక్కణ్ణుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాటు రోడ్డు. ఈ రోజుల్లో తెల్లవారుజామున మంచు చూడ్డానికి కార్లు బారులు తీరే రోడ్డు. నూరేళ్ళ కిందట ఆ రోడ్డు పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతి కింద జరిగింది. కొండ జనాన్ని వెట్టికి పట్టుకొచ్చి, సరైన కూలి ఇవ్వకుండా రాళ్ళు కొట్టించారు. తమ కొండల్లో తరతరాలుగా తమ దారులున్న జనం, తాము అడగని రోడ్డు కోసం తమ వీపులు వంచారు. ఆ కోపం, పోడు మీద అటవీ ఆంక్షల కోపం కలిసి, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడిగా తేలింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు మూడు రోజుల్లో మూడు స్టేషన్లు తిరిగింది రోడ్ల మీద కాదు, గాం గంటందొర లాంటి వాళ్ళకి పాదాలతో తెలిసిన కొండదారుల మీద. ఆ తిరుగుబాటుని అణచడానికి సర్కారుకి దాదాపు రెండేళ్ళు పట్టింది, చివరికి అస్సాం రైఫిల్స్‌ని దించవలసి వచ్చింది.

రహదారి అన్న మాట కూడా నాకు అక్కడే గుర్తొస్తుంది. అందులో ఉన్న దారి మన దారి కాదు. పారసీలో రాహ్‌దారీ అంటే దారి కాపలా, ఆ పేరు చెప్పి వసూలు చేసే సుంకం. సుంకం పేరే మనకి రోడ్డు పేరయిపోయింది. టోలుగేటు దగ్గర ఆగినప్పుడు ఎవరికైనా కోపం వస్తే, మాట మీద పెట్టుకోవాలి, అది తన అసలర్థం తను చేసుకుపోతోంది.

అలాగని రోడ్లు వద్దనేటంత అమాయకుణ్ణి కాదు. ఆ ఘాటు రోడ్డే లేకపోతే ఈ రోజుకీ పురుడు కష్టమైన తల్లిని డోలీలో మోసుకు దింపాలి, రోడ్డు పడని గూడేల్లో మోస్తూనే ఉన్నారు. మా డా హే మీద సైకిలు తొక్కేవాడికి రోడ్డు లేకపోవడం విలాసం, డోలీ మోసేవాడికి కాదు. మేనల్లుడితో ఈ మాటంటే వాడు చాలాసేపు మాట్లాడలేదు. కొత్తకోట వేపు వెళ్ళే బస్సు ఒకటి మమ్మల్ని దుమ్ములో ముంచి దాటిపోయింది.

వాడు విమానం ఎక్కడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, ఆ ఆసామీ దారి చూసొద్దామా అన్నాను. సర్వే పటం కాపీ తీసుకెళ్ళాం. పటంలో బండి దారి రెండు వరసల చుక్కల గీత. నేల మీద మొదలు ఎక్కడో తెలియడానికే పావుగంట పట్టింది. రేగు కంప, తంగేడు, సర్కారు తుమ్మ. ఆయన అన్నది అబద్ధం కాదు, నిజంగానే తుప్పలెక్కిపోయింది. మేనల్లుడు కర్రతో కొమ్మలు పక్కకి నెడుతూ ముందు నడిచాడు. ఒక చోట చదును రాతి మీద రెండు గాడులు కనిపించాయి, అర బెత్తెడు లోతు, బండి చక్రాల ఎడం. చేత్తో దుమ్ము తుడిచాను. లోపల నున్నగా, రోలు లోపల ఉన్నట్టు ఉంది. ఎన్ని ఏళ్ళు, ఎన్ని ఇనప కమ్ములు, ఎంత చెరకు పోతే రాయి అంత నున్నబడుతుందో లెక్క కట్టే అంకె నా దగ్గర లేదు. ఇది నేను ఎన్ని కాగితాల్లో పడమటి హద్దుగా రాశానో అదీ లెక్క లేదు. ఒక్కసారీ వచ్చి చూడలేదు.

“మావయ్యా, ఇటు చూడు” అన్నాడు వాడు, వంగి.

తుప్పల నడుమ, బండి దారి వెడల్పులో ఒక పక్కగా, ఒక్క అడుగు వెడల్పున గడ్డి మొలవని సన్నని గీత వంకర్లు తిరుగుతూ పోతోంది. దాని మీద నల్లగా, తడి ఆరకుండా, గుప్పెడు పెంటికలు.

ఆ గీత పట్టుకుని చివరిదాకా నడిచాం. అవతల గెడ్డ ఒడ్డున తేలాం. పంట్లాముల నిండా పల్లేరు కాయలు. గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటీ పీకి పారేసుకునేసరికి చీకటి పడింది.

సోమవారం ఆసామీ వచ్చాడు. దస్తావేజు చిత్తు ప్రతి చదివి వినిపించాను. రూపాయల అంకె దగ్గర చెవి నిక్కింది, వాలింది. పడమర దగ్గరికి వచ్చేసరికి ఈసారి మళ్ళీ నిక్కింది.

“బండి దారి అనే రాసినారేటండీ! ఎవలెల్తన్నారండీ అమ్మట?”

“మేకలు” అన్నాను.